పది చోట్లే పడతాయన్నాను

"అమ్మకి కార్లో పెట్టుకునే జీపీఎస్ ఒకటి కావాలి, నువ్వు చూడు," అన్నాడు ఆరీ, కంచంలో బంగాళాదుంపలు మెదుపుకుంటూ. తలెత్తలేదు. "తేలిగ్గా ఉండాలి. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి అర్థమయ్యేట్టు. నువ్వు రోజూ ముసలివాళ్లతోనే కదా వేగేది, నీకైతే తెలుస్తుంది."

ముప్పై ఐదేళ్లుగా మా ఇంట్లో పనులన్నీ ఈ "నువ్వు చూడు"తోనే మొదలవుతాయి. పిల్లల టీకాలు నేనే చూశాను. మామగారి ఆస్పత్రి కాగితాలు, ఆయన పోయాక శవపేటిక మీద ఏ పూలు పెట్టాలో, వచ్చినవాళ్లకి కాఫీతో ఏ కేకు ఇవ్వాలో, అన్నీ నేనే చూశాను. ఆరీ పెద్ద కొడుకు కాబట్టి అందరూ అతని చెయ్యి పట్టుకుని, ఎంత బాగా జరిపించావు అన్నారు. అతను కళ్లు తుడుచుకుని అవునన్నాడు.

నేను రాటర్‌డామ్‌కి దక్షిణాన, సముద్రం దగ్గరి ఖూస్ ఊళ్లో ఒక మందుల షాపులో పనిచేస్తాను. ఇరవై రెండేళ్లుగా మందుల్ని సంచుల్లో పెట్టి పేరు చూసి ఇస్తాను. ఈ మాత్ర తిన్నాక వేసుకోవాలా ముందా అని ఎవరైనా అడిగితే మాత్రం నేను చెప్పకూడదు, నాకు ఆ చదువు లేదు. లోపలున్న అమ్మాయిని పిలవాలి. ఆ అమ్మాయికి నా కూతురి వయసు. జవాబు నాకు తెలుసు, నాకు తెలుసని తనకీ తెలుసు, అయినా నోరు మూసుకుని పక్కకి జరుగుతాను. "క్రీనా, ఆ కాఫీ కప్పులు కాస్త కడిగేస్తారా, మీరు ఖాళీగానే ఉన్నారు కదా," అంటుంది తను, చాలా మర్యాదగా.

అత్తగారు కపెల్లెలో ఉంటుంది, మా ఇంటి నుంచి సైకిల్ మీద ఇరవై నిమిషాలు. పేరు యాకోమీనా. మామగారు పోయి ఏడాది దాటింది. ఆయన కారు షెడ్డులో దుప్పటి కప్పుకుని ఉండేది. ఆవిడ కారు నడపగా మేమెవరం చూడలేదు, ఎప్పుడూ ఆయన పక్క సీట్లో, ఒళ్లో చేతిసంచీ పెట్టుకుని కూర్చునేది. అలాంటి మనిషి జనవరిలో ఒకరోజు మమ్మల్ని భోజనానికి పిలిచి, సూప్ వడ్డిస్తూ చెప్పింది: ఇరవై నాలుగో ఏట లైసెన్సు తీసుకుందట. మామగారు స్టీరింగ్ ఎన్నడూ ఇవ్వకపోయినా పదేళ్లకోసారి ఫొటో దిగి దాన్ని కొత్తగా రాయించుకుంటూ వచ్చిందట. ఇప్పుడు డాక్టరు సర్టిఫికెట్ కూడా అయిందట. చెప్పకుండా ఎనిమిది పాఠాలు కూడా తీసుకుందట.

ఆరీ లేచి తల్లి భుజం చుట్టూ చెయ్యి వేశాడు. మర్నాటి నుంచి ఆఫీసులో అందరికీ చెప్పాడు. "మా అమ్మని చూడండి. ఈ వయసులో, ఎంత ధైర్యం." నేనూ నవ్వాను. నా బుగ్గలు నొప్పి పెట్టేంతసేపు నవ్వాను.

ఎందుకంటే నాకు ముప్పై ఎనిమిదేళ్లప్పుడు నేనూ అడిగాను, కారు నేర్చుకుంటానని. అప్పుడు ఆరీ, "మనకున్నది ఒక్క కారు, దానికి ఇద్దరు డ్రైవర్లా? నీకు ఎక్కడికి వెళ్లాలన్నా నేను తీసుకెళ్తానుగా," అన్నాడు. తీసుకెళ్లాడు కూడా. తను వెళ్లాల్సిన చోటికి. ప్రతి వేసవిలో ఫ్రాన్సు దాకా పక్క సీట్లో కూర్చుని మ్యాపు చదివింది నేను. వెనక పిల్లలకి యాపిల్ ముక్కలు అందిస్తూ, వేలితో రోడ్డు పట్టుకుని, వచ్చే మలుపు కుడికి అని చెప్తూ. లియోన్ దగ్గర ఒకసారి మలుపు తప్పింది. "చేతిలో మ్యాపు పెట్టినా చదవలేని మనిషిని కట్టుకున్నాను," అన్నాడు, పిల్లలు వింటుండగా. ఆ ముక్క మా ఇంట్లో జోకు అయిపోయింది. ఇప్పటికీ నేను ఏదైనా వెతుక్కుంటుంటే నా కొడుకు, "అమ్మా, లియోన్ దాటిపోయావా?" అంటాడు.

ఇదంతా మనసులో పెట్టుకునే ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్లాను. అక్కడున్నాయన నాతో, "కారు ఏ మోడల్? ఇంట్లో సార్‌ని కనుక్కుని వస్తే మంచిది," అన్నాడు. "సార్‌కి తెలీదు, నాకు చూపించండి," అన్నాను. అంతలో ఆడపడుచు మార్లూస్ ఊట్రెక్ట్ నుంచి ఫోనుకి ఒక లింకు పంపింది. అందులో ఉన్నది అన్నిటికంటే కొత్త రకం. మాట వింటుందట, ఫోన్‌తో కలుస్తుందట, ట్రాఫిక్ చెప్తుందట. "ఇది కొనెయ్ క్రీనా, నాకు మీటింగ్ ఉంది," అని కింద రాసింది. దాని తెర మీద పదిహేడు గుర్తులున్నాయి, నేను లెక్కపెట్టాను.

మూడు రకాలు వారం రోజుల కోసం ఇంటికి తెచ్చుకున్నాను. అత్తగారి చూపులాగే మసకగా కనిపించే కళ్లద్దాలు ఒక జత కొని, అవి పెట్టుకుని ఒక్కొక్కటీ వంటింటి కిటికీ దగ్గర ఎండలో ఆన్ చేసి చూశాను. ఆవిడ బొటనవేలి కీళ్లు వాచి ఉంటాయి కదా, అద్దానికి అతుక్కునే రబ్బరు మూతిని ఎంత బలంగా నొక్కాలో, నా బొటనవేలికి చుట్టూ ప్లాస్టరు చుట్టుకుని నొక్కి చూశాను. ఒకటి ఊడి సింకులో పడింది. ఒకటి పోస్టు కోడ్ అడగకుండా ముందు దేశం, తర్వాత ఊరు, తర్వాత వీధి అడిగి విసిగించింది. మూడోది నచ్చింది. ఆన్ చేస్తే రెండే రెండు పెద్ద బొమ్మలు: ఎక్కడికి, ఇంటికి. పోస్టు కోడ్, ఇంటి నంబరు కొడితే చాలు. ఫోను అక్కర్లేదు. గొంతు పెంచడానికి పక్కన నిజమైన బొత్తం ఉంది. మలుపు చాలా ముందుగా చెప్తుంది, దగ్గరికొచ్చాక ఇంకోసారి చెప్తుంది.

కార్లో పెట్టి చూద్దామంటే నాకు కారు నడపడం రాదు. అందుకని సైకిల్ హ్యాండిల్‌కి రబ్బరు పట్టీతో కట్టాను. మంగళవారం నాకు సెలవు. జీరిక్‌జే ఊరి పోస్టు కోడ్ కొట్టి బయల్దేరాను. నన్ను కారనుకుని పెద్ద రోడ్డెక్కమంది, నేను ఎక్కకుండా సైకిళ్ల దారి పట్టాను. అది కోప్పడలేదు. ఒక క్షణం ఆగి, మళ్లీ లెక్కేసుకుని, అదే గొంతుతో మళ్లీ దారి చెప్పింది. ఇంకోసారి కావాలని తప్పు మలుపు తిరిగాను. మళ్లీ అంతే. ఆరీ కూడా ఇలాంటి గొంతు మాటే వింటాడు తన కార్లో, అది సందులోకి తీసుకెళ్లి వదిలినా, "పాపం మ్యాపు పాతదై ఉంటుంది," అంటాడు. నాకు ఆ పెట్టె మీద కుళ్లు పుట్టింది. నవ్వొస్తుంది చెప్తే, కానీ నిజం. సముద్రపు కట్ట మీద ఆగి, గాలి చెవుల్లో కొడుతుంటే, ఒక ప్లాస్టిక్ పెట్టెని చూసి ఓర్వలేకపోయాను.

అత్తగారి పుట్టినరోజుకి అందరం ఆవిడ ఇంట్లో గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. కాఫీ పోసింది నేను, బోలుస్ అనే దాల్చినచెక్క తీపి రొట్టెలు అందరికీ తిప్పింది నేను. పెట్టె విప్పితే లోపల కార్డు ఉంది: ప్రేమతో, మార్లూస్, ఆరీ. కార్డు మార్లూస్ తెచ్చింది.

"మార్లూస్, నీకెలా తెలిసిందే నాకు ఇలాంటిదే కావాలని?" అంది అత్తగారు, పెట్టెని రెండు చేతులా పట్టుకుని. మార్లూస్ జుట్టు వెనక్కి తోసుకుని, "వెతగ్గా వెతగ్గా దొరికిందమ్మా," అంది. పక్కింటి ముసలావిడ నా వైపు తిరిగి, "ఇలాంటి కూతురుండాలి," అంది. నేను ఆరీ వైపు చూశాను. అతను నా చూపు పట్టుకుని, ఏదో గుర్తొచ్చినట్టు, "అవునవును, క్రీనా కూడా హెల్ప్ చేసింది. అడ్రసులన్నీ తనే ఎక్కించి పెడుతుందమ్మా, మంగళవారం ఖాళీయే తనకి," అన్నాడు.

ఆ మంగళవారం వెళ్లాను. డాక్టరు, సెలూను, చర్చి, సూపర్ మార్కెట్, మామగారి సమాధి, మార్లూస్ ఇల్లు, మా ఇల్లు: ఏడు ఎక్కిస్తే అయిపోతుంది, గంటలో బయటపడొచ్చు అనుకున్నాను.

అత్తగారు సొరుగులోంచి ఒక నోటుపుస్తకం తీసింది. ఆకుపచ్చ అట్ట, మూలలు అరిగిపోయాయి. "నేను రాసి పెట్టుకున్నాను," అంది, చిన్నపిల్ల హోంవర్కు చూపించినట్టు.

నలభై ఒక్క చోట్లున్నాయి అందులో. కొన్ని పేర్ల సిరా నీలం నుంచి గోధుమరంగుకి దిగిపోయింది, డాక్టరు, సెలూను, సమాధి లాంటివి నిన్ననే రాసినట్టున్నాయి. గ్రోనింగెన్‌లో హిల్లీ ఇల్లు. హిల్లీ ఆవిడ బడి స్నేహితురాలట, పెళ్లయ్యాక మళ్లీ కలవలేదట. పంతొమ్మిదేళ్లప్పుడు వేసవిలో గదులు ఊడ్చిన ఫాల్కెన్‌బర్గ్ హోటలు, ఉందో లేదో. డ్రెంతెలో ఆగస్టు నెలలో ఊదారంగు పూలు పూసే మైదానం. దీవులకి పడవలు బయల్దేరే హార్లింగెన్ రేవు. బెల్జియంలో ఒక కొండ.

"ఇవన్నీ ఎప్పట్నుంచి రాస్తున్నారమ్మా?"

"మార్లూస్ పుట్టిన ఏడాది మొదలుపెట్టాను. టీవీలో ఏదైనా చూస్తే, పేపర్లో చదివితే రాసేదాన్ని. మీ మామగారికి తెలీదు. వంటల పుస్తకమనుకునేవారు."

నేను ఆ పేజీలు తిప్పుతుంటే నాకు ఇంకో కాగితం గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ల కిందటి ఒక మధ్యాహ్నం, ఇదే వంటింట్లో, ఇదే బల్ల దగ్గర, నా చేతిలో రాటర్‌డామ్ నుంచి వచ్చిన ఉత్తరం. మందుల కోర్సులో నాకు సీటు వచ్చింది. వారానికి మూడు రోజులు రైల్లో వెళ్లి రావాలి, రెండేళ్లు. పిల్లల్ని ఆ మూడు రోజులు మీరు చూస్తారా అని అడగడానికి వచ్చాను. పెద్దదానికి నాలుగేళ్లు, చిన్నవాడికి రెండు. అప్పుడీవిడ గిన్నె తుడుస్తూ, "పిల్లలున్న ఆడది రైళ్లు పట్టుకుని తిరిగితే ఆ ఇల్లు ఇల్లులా ఉంటుందా? ఆరీ మధ్యాహ్నం ఇంటికొస్తే తాళం చూడాలా? నాకు నడుం నొప్పి, నా వల్ల కాదు," అంది. ఆరీ, "అమ్మ చెప్పింది కరెక్టే కదా," అన్నాడు. ఉత్తరానికి జవాబు రాసింది నేనే. రానని.

ఆ మనిషే ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని, హార్లింగెన్ రేవుకి పోస్టు కోడ్ దొరుకుతుందా అని అడుగుతోంది. బుగ్గలు ఎర్రబడ్డాయి. నాకంటే ఇరవై ఒక్క ఏళ్లు పెద్దది. నాకంటే చిన్నదానిలా ఉంది.

"అమ్మా," అన్నాను. నా గొంతు మందుల షాపు గొంతులాగే ఉంది, నెమ్మదిగా, మర్యాదగా. "ఇందులో పది చోట్లే పడతాయి."

"పదేనా?"

"పదే. ఇలాంటి తేలికవాటిలో అంతే."

ఆవిడ నమ్మింది. తెలిసినవాళ్లు చెప్తే నమ్మే తరం అది. కలం తీసుకుని ముందు డాక్టర్ని కొట్టేసింది. సెలూను కొట్టేసింది. "సమాధి దారి నాకు తెలుసు. మీ మామగారు అక్కణ్ణుంచి ఎక్కడికీ పోరు," అని దాన్నీ కొట్టేసింది. తర్వాత అసలు జాబితా మొదలైంది. ఒక్కో పేరు దగ్గర ఆగుతుంది, పెదాలు కదుపుతుంది, గీత గీస్తుంది. "ఇది వద్దులే. ఇదీ వద్దు. ఇంత దూరం ఇప్పుడెందుకు." బెల్జియం కొండ దగ్గర చాలాసేపు ఆగి, సగం గీత గీసి, మళ్లీ పూర్తిగా గీసింది.

ఆ గీతలు చూస్తుంటే నాకు తియ్యగా ఉంది. అబద్ధం చెప్పను. ఒక్కో గీతకీ నాకు ఆకలి తీరుతున్నట్టుంది. మిగిలిన పది ఎక్కించి, ఎలా వాడాలో మూడుసార్లు చేసి చూపించి, కాఫీ కప్పులు కడిగి పెట్టి, సైకిలెక్కి ఇంటికొచ్చాను. సగం దారిలో తియ్యదనం పోయింది. కుళ్లు మాత్రం పోలేదు. సిగ్గు వస్తే కుళ్లు పోతుందనుకునేదాన్ని. అవి రెండూ పక్కపక్కనే కూర్చుంటాయని ఆ వారం తెలిసింది.

శుక్రవారం ఆవిడ ఒక్కతే మిడిల్‌బర్గ్ దాకా వెళ్లొచ్చి ఆరీకి ఫోన్ చేసింది. అతను స్పీకరు పెట్టాడు. "ఒక్కసారి తప్పు తిరిగానురా, అదేం అనలేదు, మళ్లీ చెప్పింది," అంటోంది, ఊపిరి తీసుకోకుండా. ఆరీ నవ్వుతూ విన్నాడు. ఫోన్ పెట్టేసి, "వచ్చే వారం గ్రోనింగెన్ వెళ్తానంటోంది. మూడున్నర గంటల దారి. నువ్వు తోడు వెళ్లు. షాపులో రెండు రోజులు సెలవు అడుగు. పక్కన కూర్చుని చూసుకుంటూ ఉంటే చాలు," అన్నాడు. మార్లూస్ కూడా మెసేజి పెట్టింది: క్రీనా వెళ్తే నాకు నిశ్చింత. పక్కన ఒక ఎర్ర గుండె బొమ్మ.

పక్క సీటు. ఈసారి అత్తగారి పక్కన.

మంగళవారం మళ్లీ కపెల్లె వెళ్లాను. ఆవిడ షెడ్డు ముందు కారు అద్దాలు తుడుస్తోంది. లోపలికి రమ్మంటే వెళ్లకుండా అక్కడే నిలబడి చెప్పేశాను. లోపలికి వెళ్తే కాఫీ పెడుతుంది, కాఫీ తాగాక చెప్పలేను.

"అమ్మా, అందులో పది కాదు. ఎన్ని కావాలంటే అన్ని పడతాయి. నేను అబద్ధం చెప్పాను."

ఆవిడ గుడ్డ మడత పెట్టింది. "తెలుసు," అంది. "దానితో పాటు వచ్చిన పుస్తకం ఆదివారం చదివాను. భూతద్దం పెట్టుకుని."

"మరి నన్ను అడగలేదేం?"

"ఎందుకు చెప్పావో ఆలోచిస్తున్నాను."

"మిమ్మల్ని చూసి ఓర్వలేక," అన్నాను. ఆ మాట నా నోటితో బయటికి వస్తుందని అనుకోలేదు. వచ్చాక ఆపలేకపోయాను. "ఆ రాటర్‌డామ్ ఉత్తరం గుర్తుందా మీకు? ఇల్లు ఇల్లులా ఉండదన్నారు. నడుం నొప్పన్నారు. ఇప్పుడు మీరు ఊళ్లన్నీ తిరుగుతారు, నేను మీ జీపీఎస్‌లో ఊళ్ల పేర్లు ఎక్కించాలి."

ఆవిడ కారు తలుపు తెరిచి డ్రైవరు సీట్లో పక్కకి కూర్చుంది, కాళ్లు బయటికి పెట్టి.

"నాకు నడుం నొప్పి లేదు," అంది. "ఆ రోజు నువ్వు ఆ ఉత్తరం పట్టుకుని వచ్చావు చూడు, నీ మొహం వెలిగిపోతోంది. నాకు నలభై ఎనిమిదేళ్లు అప్పటికి. లైసెన్సు సొరుగులో ఉంది, ఆ పుస్తకం దాని పక్కన ఉంది. నువ్వు రైలెక్కి వెళ్లిపోతుంటే నీ పిల్లల్ని పట్టుకుని నేను కిటికీలోంచి చూడాలా అనిపించింది. చూడలేననిపించింది. అంతే."

దూరంగా పళ్లతోటలో ట్రాక్టరు చప్పుడు.

"క్షమించమని అడగను," అంది అత్తగారు. "అడిగితే నువ్వు సరే అనాల్సొస్తుంది."

కథల్లోనైతే ఇక్కడ మేమిద్దరం ఒకళ్లనొకళ్లం పట్టుకుని ఏడవాలి. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నేను ఆవిడ దగ్గర ఒక వారం దొంగిలించాను. ఆవిడ నా దగ్గర ఎన్నేళ్లు తీసుకుందో, ఆ లెక్క ఆవిడకి నాకంటే బాగా తెలుసు. అయినా ఆవిడ చెప్పకపోతే అది నా జన్మలో నాకు తెలిసేది కాదు. ఇన్నేళ్లూ ఆవిడ మాటలు నమ్మాను, నా ఇల్లు ఇల్లులా ఉండాలని నేనే మానుకున్నానని అనుకున్నాను.

"పుస్తకం తీసుకురండి," అన్నాను. మిగిలిన ముప్పై ఒకటీ ఎక్కించాను. గీతల కింద పేర్లు చదవడం కష్టంగా ఉంటే ఆవిడ పక్కన నిలబడి చదివింది. ఇద్దరం పని గురించి తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు. అయ్యాక, "గ్రోనింగెన్‌కి నేను రాను. ఆరీ చెప్పినా రాను," అన్నాను.

"నేనూ నిన్ను రమ్మనలేదు," అంది. ఆ మాటలో కష్టం లేదు. తేలిక ఉంది, ఆవిడకీ నాకూ.

"మీకు పాఠాలు చెప్పినావిడ నంబరు ఇవ్వండి."

ఆవిడ నా మొహంలోకి చూసి, ఏమీ అడగకుండా ఫోనులో వెతికి, నంబరు పైకి చదివింది. మర్నాడు షాపు వెనక గదిలో, డబ్బాల మధ్య నిలబడి ఫోన్ చేశాను. లోపలి అమ్మాయి తలుపు తీసి, "క్రీనా, కప్పులు," అంది. "ఫోన్లో ఉన్నాను," అన్నాను. తలుపు మూసుకుంది.

గురువారం పొద్దున్న అత్తగారు బయల్దేరింది. మధ్యాహ్నం హిల్లీ గుమ్మంలో ఇద్దరు ముసలివాళ్లు నిలబడిన ఫొటో వచ్చింది. దాన్ని చూసి నాకు మళ్లీ కుళ్లు పుట్టింది, ముందటిలాగే, ఏం తగ్గలేదు.

సాయంత్రం ఆరీ ఆ ఫొటోని పెద్దది చేసి చూస్తూ, "నువ్వు కూడా వెళ్లుండాల్సింది. అమ్మ ఒక్కతే అంత దూరం..." అన్నాడు.

"వచ్చే మంగళవారం నుంచి నేను కారు నేర్చుకుంటున్నాను," అన్నాను.

అతను ఫోను కింద పెట్టాడు. "ఇప్పుడా? యాభై ఏడేళ్లకి?" అతను నవ్వబోయి, నా మొహం చూసి, మానేశాడు. "సరే, నేర్చుకుని ఎక్కడికి వెళ్దామని?"

నోరు తెరిచాను. ఏదో ఒక ఊరి పేరు వస్తుందనుకున్నాను. రాలేదు. అత్తగారికి నలభై ఒక్క చోట్లున్నాయి, మామగారి పక్కన అన్నేళ్లు కూర్చుని కూడా దాచుకోగలిగింది. నేను వెళ్లడమే కాదు, ఎక్కడికైనా వెళ్లాలని అనుకోవడం కూడా ఎప్పుడో మానేశాను, అది నాకు ఆ బల్ల దగ్గర తెలిసింది.

"నాకింకా తెలీదు," అన్నాను. "కానీ అది నువ్వు చూడక్కర్లేదు."